సరకుల అరుగునుండి సారథ్యమునకు

(బహదూర్‌పల్లి గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో లారీలను గూర్చి ప్రసంగమేమని కొందరికి తోపవచ్చును. కాని బహదూర్‌పల్లి ఏ తావున నున్నదో తలచుకొన్నచో ఆ సందేహము నిలువదు. ఒక వంక సూరారము, జీడిమెట్ల పారిశ్రామికవాడ; మరియొక వంక గండిమైసమ్మ, దుండిగల్లు; తూర్పుగా దూలపల్లి దాటినచో కొంపల్లియొద్ద జాతీయ రహదారి. ఆ రహదారికి పూర్వము 7వ సంఖ్య యుండెను. 2010లో సంఖ్యలు మార్చిన పిమ్మట అది శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు పోవు 44వ రహదారిలో భాగమైనది. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల వలయ రహదారియు ఈ దాపుననే సాగుచున్నది. పగలనక రేయనక లారీ చప్పుడు వినబడని ఇల్లు ఈ ప్రాంతమున అరుదు. తండ్రి నాగలి పట్టిన చేతితో కుమారుడు గోదాములో మూట పట్టుచున్నాడు. నేడు మూట మోయు ఆ యువకుడు రేపు లారీ నడుపువాడగుట ఎట్లు? ఈ ప్రశ్న ఈ గ్రామముల బ్రతుకుతెరువునకు సంబంధించినది. కావున గ్రంథాలయమునకును సంబంధించినదే.

ఒకప్పుడు ఈ దారుల రవాణా విధము వేరు. లంబాడీలు ఎద్దుల మందలపై ఉప్పును, ధాన్యమును వేసికొని కోస్తా సీమకును దక్కను పీఠభూమికిని నడుమ తిరిగిరి. ఎడ్లబండ్లు సంతను సంతతో కలిపెను. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. 1900 ప్రాంతమున మేడ్చల్ మీదుగా మన్మాడు వైపు మరియొక మార్గము పడినది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. 1954లో టాటా సంస్థ జర్మనీ దేశపు బెంజి సంస్థతో ఒప్పందము చేసికొని లారీల తయారీకి పూనుకొనెను. ఈ మార్పులలో ఒక విశేషము గమనింపదగి యున్నది. ఎడ్లబండి కాలమున బండి నింపువాడును తోలువాడును ఒక్కడే. ఏ బస్తా ఎచ్చట వేసినచో కాడి ఎద్దు మెడపై నొరయునో, ఏ బస్తా వెనుకకు జరిపినచో కాడి పైకి లేచునో వానికి తెలియును. లారీ వచ్చిన పిమ్మట ఆ ఒక్కడు ఇద్దరైనాడు. ఎత్తువాడు అరుగుమీద నిలిచిపోయెను. నడుపువాడు దారిపట్టి పోయెను.

గోదాము ముందర లారీ తొట్టితో సమానమగు ఎత్తున కట్టిన అరుగునే నేడు డాక్ అనుచున్నారు. లారీ వెనుకకు వచ్చి దానిని ఆనుకొని నిలుచును. అరుగు లేనిచోట పలక వాల్చి, దానిపై మూటతో ఎక్కవలెను. ఈ పని చేయువారిని మన ప్రాంతమున హమాలీలందురు. జట్టుగా కూడి పనిచేసి కూలిని పంచుకొనుట వారి ఆచారము. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల సంక్షేమమునకై 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టమును చేసినది. ఒక మనిషి మోయదగిన బరువును గూర్చి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక సిఫారసు చేసి, వయోజనుడైన పురుషునకు 55 కిలోగ్రాములు హద్దుగా పేర్కొన్నది. చట్టము ఎంత చెప్పినను, మోతకూలికి వయస్సుతో వైరము. ఇరువది ఏండ్లవాని నడుము మోసినంత నలువది ఏండ్లవాని నడుము మోయజాలదు. అందువలననే ప్రతి హమాలీ చూపును ఎప్పుడో ఒకప్పుడు లారీ ముందుభాగమువైపు మరలును. ఆ చూపు అత్యాశ కాదు. ముదిమిని ముందుగా లెక్కించుకొనుట.

మూటలు మోసినవానికి ఏమి తెలియునని చులకన చేయువారు కలరు. అది పొరపాటు. సారథ్యములో సగము విద్య అరుగుమీదనే నేర్వబడును. బరువైనది క్రింద, తేలికైనది పైన వేయవలెనని హమాలీకి చెప్పనక్కర లేదు. బరువంతయు వెనుకకు చేరినచో ముందు చక్రములు తేలికయై స్టీరింగు మాట వినదు. ఒక ప్రక్కకే చేరినచో మలుపులో లారీ ఒరుగును. బిగింపు లేని సరకు బ్రేకు వేసినప్పుడు ముందుకు దూకును. త్రాడు ఎచ్చట లాగి ముడి వేయవలెనో, టార్పాలిను అంచు ఎట్లు మడిచినచో గాలికి లేవదో, ఇనుప చువ్వలకు ఏ ఆపు కావలెనో, గాజు సామానునకు ఎంత మెత్త కావలెనో అతనికి చేతులార తెలిసిన సంగతులు. దారిలో లారీ బోల్తాపడినచో జనులు డ్రైవరును నిందింతురు. ఆ ప్రమాదమునకు బీజము ఒక్కొక్కప్పుడు అరుగుమీదనే పడియుండును.

బరువు హద్దును గూర్చియు ఇట్లే చెప్పవలెను. నాలుగు టైర్లు గల ఒక ఇరుసుపై పడదగిన బరువు పూర్వము 10.2 టన్నులు, 2018లో కేంద్ర ప్రభుత్వము దానిని 11.5 టన్నులకు పెంచినది. దానితో రెండు ఇరుసుల లారీ మొత్తము బరువు 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు హెచ్చినది. ఈ అంకెలో లారీ సొంత బరువును చేరియున్నది. కాంటామీద తేలు సంఖ్యను చదివి, ఎంత సరకు ఎక్కవలెనో లెక్కగట్టగల హమాలీ జట్టులో ఒక్కడున్నను, ఆ లారీ ఎక్కడనో ఘాటు దిగునప్పుడు ఒక ప్రాణము దక్కవచ్చును. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిమ్మట బండి ఆగుటకు పట్టు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. డీజిలు మిగులునను ఆశతో పల్లములో గేరు తీసి వదలినచో ఇంజను పట్టు తప్పి, భారమంతయు బ్రేకులపై పడి, అవి కాగి పని మానును. ఇవి తెలియుటకు పెద్ద చదువు అక్కర లేదు, చెప్పువాడు కావలెను.

చెప్పువాడు పూర్వము లారీలోనే యుండెను. అరుగునుండి పైకి పోవు మెట్టు పేరు క్లీనరు. చురుకైన కుర్రవానిని డ్రైవరు వెంట తీసికొనిపోవును. కుర్రవాడు డ్రైవరును ఉస్తాద్ అని పిలుచును. ఉస్తాదునకు చాయ తెచ్చును, అద్దము తుడుచును, నీళ్లు పోయును, బండి ఆగగానే దిగి చక్రము క్రింద రాయి పెట్టును. ఇనుపకడ్డీతో టైరును తట్టి ధ్వనిని బట్టి గాలి తెలిసికొనును. జంట టైర్ల నడుమ చిక్కిన రాతిని ఏరివేయును. బండి వెనుకకు మరలునప్పుడు డ్రైవరునకు కనబడని మూలలకు తానే కన్నగును. ఇట్లు కొన్నేండ్లు గడచిన పిమ్మట, ఖాళీ మైదానమున ఉస్తాద్ ఒకనాడు ప్రక్కకు జరిగి, తన స్థానము చూపును. ఫీజు లేదు, పట్టా లేదు. సేవయే ఫీజు, ఉస్తాద్ మాటయే పట్టా. ఈ బడిలో చదివిన ఎందరో నేర్పరులు దేశమంతట లారీలు నడిపిరి.

అయినను ఆ బడిని మెచ్చుకొనుటతో ఊరకుండరాదు. అది ఉస్తాద్ మనస్సుపై నిలిచిన బడి. మంచివాడు దొరికినచో మూడేండ్లలో విద్య వచ్చును; లేనిచో పదియేండ్లు గడచినను తిట్లే మిగులును. దానికంటె పెద్ద దోషము మరియొకటి. రాత్రి రెండు గంటల వేళ డ్రైవరు కన్ను మూతపడుచుండును. సరకు తెల్లవారులోగా చేరవలెను. ప్రక్కన కూర్చున్న కుర్రవానికి బండి నడుపుట వచ్చును గాని లైసెన్సు లేదు. “కొంచెము దూరము నీవు పట్టు” అనును ఉస్తాద్. ఆ మాట విన్న కుర్రవాని గుండె పొంగును. ఎన్నాళ్లనుండియో ఎదురుచూచిన మాట అదియే. ఆ సంతోషపు గడియలోనే అతని జీవితము అంచున నిలుచును. ఏమియు జరుగకున్నచో మరునాడును అదే జరుగును. ఏదైన జరిగినచో, ఎదుటివాని ప్రాణము పోవుటయే గాక, ఇతడు జైలు పాలగును. లైసెన్సు లేనివానికి బండి అప్పగించుట యజమానికిని నేరమే. బీమా సంస్థ బాధితులకు చెల్లించినను, ఆ సొమ్మును యజమానినుండి తిరిగి రాబట్టుకొనవచ్చునని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. ఒక రాత్రి తొందరకు మూడు కుటుంబములు కూలును.

ఇప్పుడు ఆ బడియు మూతపడుచున్నది. లారీలు పెద్దవైనవి, దారులు నునుపైనవి, లెక్కలు బిగుసుకొన్నవి. ఖర్చు తగ్గించుకొనుటకై అనేక లారీలను క్లీనరు లేకయే పంపుచున్నారు. డ్రైవరు ఒంటరిగా పోవుచున్నాడు. అతని ప్రక్కనున్న పీట ఖాళీ. ఒక వంక డ్రైవర్లు దొరకుట లేదని యజమానుల మొర. మరియొక వంక నేర్చుకొను దారి లేదని అరుగుమీది యువకుల మొర. రెండు మొరలును ఒకే గోదాము ముందర వినబడుచుండుట విచారకరము. పాత మెట్టు విరిగినది. క్రొత్త మెట్టు ఎవరును కట్టలేదు.

చట్టము చూపిన మెట్లు మాత్రము ఉన్నవి. వాటిని ప్రతి యువకుడును ఎరిగియుండవలెను. పదునెనిమిదేండ్లు నిండినవాడు కారు మొదలగు తేలిక వాహనమునకు మొదట నేర్చుకొను లైసెన్సు తీసికొనవచ్చును. అది ఆరు నెలలు చెల్లును. ముప్పది దినములు గడచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. నేర్చుకొనునప్పుడు లైసెన్సు గల శిక్షకుడు ప్రక్కన నుండవలెను. బండి ముందు వెనుకల తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షర ముండవలెను. రవాణా వాహనము నడుపుటకు ఇరువది ఏండ్లు నిండవలెను. తేలిక వాహన లైసెన్సు చేతికి వచ్చి ఒక సంవత్సరము గడచినగాని రవాణా వాహనమునకు నేర్చుకొను లైసెన్సు ఈయరు. పెద్ద లారీ లైసెన్సునకు గుర్తింపు పొందిన శిక్షణాలయపు పత్రము కావలెను. ఆ శిక్షణ ముప్పది దినములకు తగ్గరాదు. అందు స్వయముగా నడిపిన కాలము పదునైదు గంటలకు తగ్గరాదు. రాజన్న సిరిసిల్ల జిల్లా మందేపల్లిలో ఇందుకై ప్రత్యేక శిక్షణ సంస్థయు వెలసినది.

ఈ మెట్లలో ఒకటి ఇటీవల సుగమమైనది. మొత్తము బరువు 7,500 కిలోగ్రాములకు మించని సరకు బండిని తేలిక వాహన లైసెన్సుతోనే నడుపవచ్చునని 2017లో చెప్పిన మాటను, 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము స్థిరపరచినది. ప్రమాదకరమగు సరకులకు మాత్రము వేరు నిబంధన లున్నవి. దీని అర్థమేమన, వయస్సు నిండిన హమాలీ ముందు ట్రాలీ బండియో, టాటా ఏస్ వంటి చిన్న సరకు బండియో నడుపుచు కూలి సంపాదించుకొనుచునే పెద్ద లారీకి సిద్ధము కావచ్చును. అరుగునకును పెద్ద లారీకిని నడుమ ఇదియే నేటి న్యాయమైన మెట్టు. అర్ధరాత్రి దొంగతనముగా పట్టిన స్టీరింగుకంటె, పట్టపగలు సొంత లైసెన్సుతో పట్టిన చిన్న బండి స్టీరింగు మేలు.

మరి చదువు మాటేమి? రవాణా వాహనపు లైసెన్సు కోరువారికి ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నియమము కొన్నేండ్లు అమలులో నుండెను. నేర్పు గల పేదలకు అది అడ్డమగుచున్నదని 2019లో దానిని తొలగించిరి. అది పేదలయెడ దయగల నిర్ణయమే. కాని చట్టము చదువును అడుగుట మానినంత మాత్రమున దారి అడుగుట మానలేదు. గుండ్రని గుర్తు ఆజ్ఞ, త్రికోణము హెచ్చరిక, నీలి రంగు దీర్ఘచతురస్రము సమాచారము అని కన్ను గుర్తింపవలెను. యాభై వేల రూపాయలకు మించిన సరకుతో కదలు లారీకి ఈ-వే బిల్లు కావలెను. 2021నుండి ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున చెల్లును. దానిపై తేదీ చదువలేని డ్రైవరు ఇతరుల తప్పునకు తాను నిలబడవలసి వచ్చును. బిల్టీమీద వ్రాసిన మూటలు నూరు, ఎక్కినవి తొంబది యెనిమిది అయినచో, లెక్క చూడక సంతకము చేసినవాడే ఆ రెండు మూటలకు బాధ్యుడు.

మహాభారతమున నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలిన కథ అందరు నెరిగినదే. నలునకు అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణునకు సంఖ్యల మర్మము తెలియును. దారిలో చెట్టు ఆకులను, కాయలను చూచినంతనే రాజు లెక్క చెప్పగా, బండి దిగి లెక్కించి నలుడు ఆశ్చర్యపడెను. అప్పుడు ఒకరి విద్య నొకరికి ఇచ్చుకొనిరి. రథము తోలు నేర్పు ఎంతయున్నను, లెక్క తెలిసిన పిమ్మటనే నలుని కష్టము గట్టెక్కినది. అరుగుమీది యువకునకు కావలసినదియు ఆ మార్పిడియే.

ఇతర దేశములలో ఈ మార్పిడిని కొందరు క్రమపద్ధతిన చేయుచున్నారు. అమెరికాలో కొన్ని సరకు రవాణా సంస్థలు డాకుపై పనిచేయువారిలో ఆసక్తి గలవారిని ఎంచి, జీతమిచ్చుచునే తమ ఆవరణలో లారీ నడుపుట నేర్పి, లైసెన్సు పరీక్షకు పంపి, పిమ్మట తమయొద్దనే డ్రైవర్లుగా నియమించుకొనుచున్నవి. 2022 ఫిబ్రవరి 7నుండి ఆ దేశమున క్రొత్తగా పెద్ద లారీ లైసెన్సు కోరు ప్రతివాడును నమోదైన శిక్షకుని యొద్ద పాఠమును, నడకను నేర్చుకొనవలెనను నియమము వచ్చినది. ఆ సంస్థలు దానధర్మమునకై ఇట్లు చేయుట లేదు. సరకు విలువ తెలిసినవాడు, వేళకు వచ్చువాడు, ఎదుట పెరిగినవాడు డ్రైవరైనచో తమకే లాభమని లెక్క చూచుకొనిరి. ఇచ్చటి గోదాముల యజమానులును ఆ లెక్క చూచుకొనవలెను. సంవత్సరమునకు ఒక్క హమాలీకి శిక్షణ రుసుము కట్టి, నెలకు కొన్ని పూటలు సెలవిచ్చినచో, పదియేండ్లకు పదిమంది నమ్మకమైన డ్రైవర్లు సిద్ధింతురు.

ఈ దారి పురుషులకే పరిమితమని తలపరాదు. గోదాములలో సరకు వేరుచేయుచు, కట్టలు కట్టుచు స్త్రీలు ఎందరో పనిచేయుచున్నారు. లైసెన్సు చట్టము స్త్రీపురుష భేదము చూపదు. నాటి నల్లగొండ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన యువతి 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరినది. తండానుండి రాజధాని వీధులకు స్టీరింగు పట్టి పోగలిగిన ఆడుబిడ్డ ఉండగా, బహదూర్‌పల్లి ఆడుబిడ్డలకు అది అందని పండు కాదు.

సారథ్యము పూలపాన్పు అని చెప్పుట న్యాయము కాదు. ఇల్లు విడిచిన రాత్రులు, వేళ తప్పిన తిండి, నిద్రలేమి ఆ వృత్తిని వెన్నంటి యుండును. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు పనికి హద్దుగా పెట్టి, అయిదు గంటల పిమ్మట అరగంట విశ్రాంతి ఈయవలెనన్నది. చిన్న యజమానుల లారీలు అనేకము ఆ చట్టపు పరిధిలోనికే రాలేదు. 2025 అక్టోబరు 1 పిమ్మట తయారగు లారీల డ్రైవరు గదిని చల్లబరచు యంత్రముండవలెనను నియమము మేలైనదే. కాని చల్లని గది నిద్రకు బదులు కాదు. నిద్ర వచ్చినప్పుడు బండి ఆపుట పిరికితనము కాదనియు, అదియే డ్రైవరు మొదటి నేర్పు అనియు నేర్చుకొనువానికి తొలినాడే చెప్పవలెను.

ఇక గ్రంథాలయము చేయదగినది కొంచెమే, కాని ఆ కొంచెము మరియొకరు చేయజాలరు. దారి గుర్తుల పటమును గోడకు తగిలింపవచ్చును. లైసెన్సు పరీక్షకు పనికివచ్చు తెలుగు పుస్తకములను, దేశపటమును ఒక బల్లపై నుంచవచ్చును. గోదాము పని ముగిసిన పిమ్మట వచ్చువారికై రాత్రి మరియొక గంట దీపము ఉంచవచ్చును. నాగపూరు దారికి హిందీ అక్షరములు, బెంగుళూరు దారికి కన్నడ అక్షరములు గుర్తించుట నేర్పవచ్చును. అనుభవము గల డ్రైవరును నెలకొకసారి పిలిచి ఉపన్యాసము చెప్పించినచో, మూతపడుచున్న ఆ పాత బడి తలుపు ఈ గదిలో తెరచుకొనును. ఉస్తాద్ నోటి విద్య, పుస్తకములోని విద్య ఒక్కచోట కలియును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పత్రిక చదువుటకు వచ్చిన వృద్ధులకును, పరీక్షలకు చదువు విద్యార్థులకును నీడ నిచ్చినది. భుజముపై మూట గుర్తులతో, చేతిలో నేర్చుకొను లైసెన్సు కాగితముతో ఒక యువకుడు రేపు సాయంకాలము గడపలో నిలిచి, లోనికి రావచ్చునా అని సందేహించునేమో. అతనిని “రా నాయనా, కూర్చుండు” అని పిలిచి, దారి గుర్తుల పటము ముందర చోటు చూపినచో ఈ రజతోత్సవము సార్థకమగును.